పేషా గడిలో రాసిన మాట

ధనశ్రీ రాయచూరు పక్క ఊరు చిక్కసూగూరులో బస్సు దిగి, ఎండలో దారి అడుక్కుంటూ కిష్టప్ప ఇంటి గడప దాకా వచ్చి నిలబడింది. ఆమె బ్యాగులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. నిజాం కాలంలో, ఫసలీ 1326లో, అంటే నూరేళ్ళ కిందట, రాయచూరు సరాఫ్ బజారు ఇండ్ల లెక్క రాసిన ఉర్దూ రిజిస్టరులో ఒక పేజీకి నకలు. అందులో ఆమె ముత్తాత అమరేశప్ప పేరు ఉంది. పేరు పక్కన ‘పేషా’ అనే గడిలో ఆయన ఏం పని చేసి బతికేవాడో ఒక్క మాటలో రాసి ఉంది. ఇంట్లో తగాదా అంతా ఆ ఒక్క మాట మీదే.

ధనశ్రీ పెద్దనాన్న రామచంద్రయ్య సరాఫ్ బజారులో బంగారు దుకాణం యజమాని. తండ్రి పోయిన నాటి నుంచి ధనశ్రీని పెంచి, చదివించి, లెక్కల టీచరును చేసింది ఆయనే. శుక్రవారం నాడు దుకాణం కొత్త భవనంలోకి మారుతోంది. ముందు గోడలో పెట్టే నల్లరాయి మీద ‘సరాఫ్ అమరేశప్ప స్థాపించినది’ అని చెక్కించాలని ఆయన కోరిక. సరాఫ్ అంటే బంగారం, వెండి అమ్మే షావుకారు. ఆయన కొడుకు పృథ్వి ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి, ఉర్దూ చదివే యాప్‌లో పెడితే పేషా గడిలో ‘బేపారి’ అని వచ్చింది. వ్యాపారి అన్నమాట. సర్కారు కాగితమే సాక్ష్యం చెప్పిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ధనశ్రీ ఒక్కతే సంతోషించలేకపోయింది. ఆ పేజీలో ఫోను ‘బేపారి’ అని చదివిన చోట్లు నాలుగు ఉన్నాయి. మూడు చోట్ల ఆ మాట ఆకారం ఒకేలా ఉంది. ముత్తాత దగ్గర మాత్రం వేరేలా ఉంది. ఉర్దూ రాకపోయినా, ఒకేలా లేనివి ఒకటే ఎలా అవుతాయన్నది ఆమె ప్రశ్న.

కిష్టప్పకు ఎనభై ఏడేళ్ళు. పదేళ్ళ వయసు దాకా ఉర్దూ బడిలో చదివాడు. రాజ్యం మారాక కన్నడం నేర్చుకున్నాడు. ఆ రెండు చదువులూ కలిసొచ్చి తాలూకా కచేరీలో ముప్పై నాలుగేళ్ళు పాత రికార్డులకు నకళ్ళు రాసే ఉద్యోగం చేశాడు. ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. కళ్ళు మాత్రం భూతద్దం ఉంటే చాలంటాయి. వాకిలి దగ్గర వెలుతురు పడేచోట మంచం వేసుకొని కూర్చున్నాడు.

“ఏ గడి చదవాల్నమ్మా?” అన్నాడు, ఆమె ఎవరింటి పిల్లో అడిగి తెలుసుకొని, కాగితం అందుకుంటూ.

“ఇదొక్కటే తాతా. అమరేశప్ప పక్కన ఉన్నది. ఫోన్ల పెడితే బేపారి అని వచ్చింది.”

కిష్టప్ప భూతద్దాన్ని కాగితం మీద పెట్టి, మెల్లగా కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

“రాసినాయన చుక్కలు పెట్టలే. ఇల్లిల్లు తిరిగి రాసేటోనికి చుక్కలు పెట్టే తీరిక ఏడిది. చుక్కలు లేకుంటే చదివేటోళ్ళే తడబడతరు, ఫోను ఒక లెక్కనా.” దుప్పటి మీద వేలితో గీశాడు. “బేపారి అయితే ఆఖరి అచ్చరం గిట్ల గిన్నె లెక్క తిరుగుతది. ఇది సూడు. కట్టె పాతినట్ల నిటారుగ నిలబడ్డది. ఇది అలీఫ్. అంటే మాట ‘ఆ’ అని ముగుస్తది, ‘ఈ’ అని గాదు.”

ధనశ్రీ మంచం పక్కన నేల మీద కూర్చొని ముందుకు వంగింది.

“మల్ల మొదటికెళ్ళి చూడు. దువ్వెనకున్నట్ల రెండు పండ్లు, ఒక నిలువు గీత. అడుమ ఒక కొంకి. అవతల ఒక పన్ను, మల్ల నిలువు గీత.” ఆమె ఆ గీతలన్నీ చూసేదాకా ఆగి, కిష్టప్ప అన్నాడు. “నియారియా.”

“అంటే ఏంది తాతా?”

“బంగారం మట్టి కడిగేటోడు. అవుసలోళ్ళ నగల అంగళ్ళ ముందర ఊడ్చిన దుమ్ము, మోరీలల్ల మన్ను తెచ్చి కడిగి, అండ్ల పోయిన రజను మల్ల తీస్తడు. తెలుగుల జలగడుగువాళ్ళు అంటుండ్రి. కన్నడల జలగార. ఇప్పుడు జలగార అంటే వీధులూడ్చేటోళ్ళు అనుకుంటరు. అప్పట్ల అట్ల గాదు. దానికి చేతిల పనితనం ఉండాలె.”

ధనశ్రీకి ముందు కలిగింది దిగులు కాదు, ఆశ్చర్యం. చిన్నప్పటి నుంచి ఆమె విన్న కథలో ముత్తాత గుర్రం మీద, నడుముకు నాణేల సంచి కట్టుకొని ఈ ఊరికి వచ్చాడు. ఆ గుర్రం మనిషి పోయి, మోరీ పక్కన చతికిలబడి మట్టిని వేళ్ళతో వెతుకుతున్న మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. ఈ రెండో మనిషే ఎందుకో నిజంగా బతికినవాడిలా అనిపించాడు.

“తప్పయి ఉంటదా తాతా?”

“రాసినాయన తప్పు రాసి ఉండొచ్చు. నేనైతే తప్పు చదవలే.”

“ఆ పని చేసేటోళ్ళు ఇప్పుడెవరన్న ఉన్నరా?”

కిష్టప్ప ఆమె వంక వింతగా చూశాడు. “సరాఫ్ బజార్ల పుట్టి నన్నడుగుతున్నవా. పొద్దున ఆరింటికి మీ దుకాణం ముందరికి పోయి చూడు.”

మిగిలిన గడులు చదవమని ఆమె అడగలేదు. అడగనిది చదివే అలవాటు కిష్టప్పకు ఉద్యోగం చేసిన రోజుల్లోనే లేదు. కాగితం మడిచి ఇచ్చేశాడు.

మర్నాడు ఆరు గంటలకు సరాఫ్ బజారులో ఒక్క షట్టరూ ఎత్తలేదు. పాలవాళ్ళ సైకిళ్ళు తప్ప చప్పుడు లేదు. రామచంద్రయ్య దుకాణం మెట్ల దగ్గర యంకవ్వ కూర్చొని, రాళ్ళ సందుల్లోంచి చిన్న కుంచెతో దుమ్ము లాగి రేకు డబ్బాలోకి తోస్తోంది. అరవై ఏళ్ళ మనిషి. ధనశ్రీ ఆమెను ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తూనే ఉంది. వీధి ఊడ్చే మనిషి అనుకుంది. ఊడ్చే మనిషి చెత్త పారబోయకుండా ఇంటికెందుకు మోసుకుపోతుందని ఎన్నడూ ఆలోచించలేదు.

“యంకవ్వా, ఈ దుమ్ము ఏం చేస్తవు?”

“కడుగుత చిన్నమ్మా. మా అత్త కడిగె, నేను కడుగుతున్న.”

“నాకు చూపిస్తవా?”

యంకవ్వ ఆమె చీరను, చేతి గడియారాన్ని ఒకసారి చూసి, “మన్నయితది” అంది. కానీ డబ్బా ఎత్తుకొని లేచాక వెనక్కి తిరిగి చూసి, వస్తున్నావా అన్నట్టు ఆగింది.

రెండు సందుల అవతల ఆమె ఇంటి పెరట్లో ఒక నీళ్ళ తొట్టి, పక్కన వెడల్పాటి కట్టె తట్ట ఉన్నాయి. యంకవ్వ దుమ్మును జల్లించి, తట్టలో పోసి, నీళ్ళు నింపి ఊపసాగింది. తట్ట తొట్టి అంచు మీద ఒకే తీరుగా ఊగింది. తేలికమట్టి నీళ్ళతో కలిసి జారిపోయింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఊపు. అరగంటకు గుప్పెడు నల్ల ఇసుక మిగిలింది. యంకవ్వ అందులోంచి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది.

“ఇసుక అయితే జారుతది. అది అయితే జారదు, వేలికి కూసుంటది. చూడు.”

ఆమె వేలి మీద, ఆవగింజను పదిపాళ్ళు చేస్తే ఒక పాలు ఎంతో అంత మెరుపు.

“ఇట్లాంటివి కూడబెట్టి, పాదరసంతోని కలిపితే అన్నీ ఒక్కకాడికి వస్తయి. నిప్పుల మీద పెడితే పాదరసం పోతది. ఇది నిల్తది.” యంకవ్వ వేలిని జాగ్రత్తగా ఒక గిన్నెలో కడిగింది. “ఇప్పుడు అందరు అంగళ్ళోళ్ళు వాళ్ళ కసువు వాళ్ళే మూటగట్టి అమ్ముకుంటున్నరు. మీ పెద్దనాయన ఒక్కడే, నేనొచ్చేదాంక మెట్ల మీద పొరక పెట్టనియ్యడు. ఎందుకో నేను అడగలే. ఆయన చెప్పలే.”

ధనశ్రీ ఒకసారి తట్ట పట్టుకొని ఊపి చూసింది. నీళ్ళతో పాటు నల్ల ఇసుక కూడా సగం పోయింది. యంకవ్వ గబుక్కున తట్ట లాక్కుంది. “ఇది దినాం చేసినా మూడేండ్లకు గాని చేతికి రాదు” అంది, కోపం లేకుండా.

కొత్త దుకాణంలో రామచంద్రయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. రంగు వాసన ఇంకా పోలేదు. నల్లరాయిని నాలుగు ఇటుకల మీద పడుకోబెట్టి, చెక్కే మనిషి విజయకుమార్ సుద్దముక్కతో అక్షరాలు కొలుచుకుంటున్నాడు. ‘అమరేశప్ప’ చెక్కడం అయిపోయింది. దాని ముందు ఒక మాటకు సరిపడా చోటు ఖాళీగా ఉంది. ధనశ్రీ బతిమాలి రెండు రోజులు ఆపించిన చోటు అదే.

“వచ్చినవా. చెప్పు బిడ్డా, బేపారి అని పెడ్దామా, సరాఫ్ అని పెడ్దామా. రెండూ ఒకటే గదా” అన్నాడు రామచంద్రయ్య.

ధనశ్రీ విజయకుమార్ వైపు చూసింది. రామచంద్రయ్య ఆ చూపు అర్థం చేసుకొని అతన్ని చాయ్ తాగి రమ్మని పంపాడు. అతను పోయాక ఆమె కాగితం తీసి రాయి మీద పరిచింది.

“బేపారి గాదు పెద్దనాయనా. నియారియా అని ఉన్నది. బంగారం మట్టి కడిగేటోళ్ళు. యంకవ్వ చేసే పని.”

ఆయన కాగితం వైపు చూడలేదు. “ఎవరు చదివిండ్రు?”

“చిక్కసూగూరు కిష్టప్ప తాత.”

“ఆయన చదివిండంటే అదే అయి ఉంటది.” ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. “శుక్రవారం ఊరంత వస్తరు. ఇది ఇప్పుడు తవ్వి తియ్యకుంటే ఏం పోతుండె చెప్పు. నీకు నేనేమన్న తక్కువ చేసిన్నా?”

ధనశ్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా నిలబడిన చోటి నుంచి కదల్లేదు. “నువ్వు తక్కువ చెయ్యలే. అందుకే నీతోనే చెప్తున్న. పృథ్వికి గూడ ఇంక చెప్పలే.”

“బంగారం అమ్మేటోనికి నోటిమాటే పెట్టుబడి. తాత సరాఫ్ అని నలభై ఏండ్ల సంది చెప్తున్న. ఇప్పుడు గాదంటే, రేపు నా మేలిమి బంగారం మీద గూడ అనుమానపడరా?”

“నోటిమాట తుడుచుకుపోతది పెద్దనాయనా. రాయి మీద చెక్కింది పోదు. అబద్ధమని తెల్సి ఎట్ల చెక్కిస్తవు?”

వీధిలో స్కూటరు ఒకటి ఆగకుండా హారన్ కొడుతూ పోయింది. రామచంద్రయ్య కళ్ళద్దాలు తీసి ధోవతి అంచుతో తుడిచాడు. తుడవడం అయిపోయినా మళ్ళీ పెట్టుకోలేదు.

“నాకు ఆరేడేండ్లప్పుడు తాత ఇంక బతికే ఉన్నడు. పొద్దున్నే లేసి పాత దుకాణం మెట్ల మీద కూసుండేటోడు. దుమ్ము చిటికెడు తీసి గిట్ల నలిపేటోడు.” ఆయన రెండు వేళ్ళు కలిపి చూపించాడు. ధనశ్రీ గంట కిందట చూసిన వేళ్ళు అవే. “మా నాయన ఉరికొచ్చి చెయ్యి పట్టి లోపలికి గుంజుకపోయేటోడు. ఎవరన్న చూస్తరని. ముసలాయన ఏమనకపోతుండె. తెల్లారి మల్ల వచ్చి కూసుంటుండె. ఆయన ఏం పని చేసిండో ఒకరు చెప్తే తెల్వాల్నా నాకు?”

“అందుకేనా యంకవ్వ వచ్చేదాంక మెట్లు ఊడ్వనియ్యవు?”

ఆయన తల ఊపాడు. “ఆ పనికి నేను సిగ్గుపడ. మా నాయన పడ్డడు, నేను పడ.”

“మరి సరాఫ్ అని ఎందుకు పట్టుబట్టినవు?”

రామచంద్రయ్య లేచి షట్టరు సగానికి దించాడు. తిరిగి వచ్చి, ఇంతసేపూ చూడని ఆ కాగితం వైపు మొదటిసారి చూశాడు.

“ఇండ్ల తాత పేరు ఒక్కటే చదివించినవా?”

“అది ఒక్కటే. మిగతావి పక్క ఇండ్లోళ్ళవి అనుకున్న.”

“తిమ్మమ్మ అని ఏమన్న ఉన్నదా?”

ధనశ్రీ ఆ పేరు ఎన్నడూ వినలేదు. ఇంట్లో పటాలకు దండలు వేసే రోజున చదివే పేర్లలో అది లేదు. “ఎవరామె?”

“నాకు తెల్వది. నాయన పోయేముందర నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. ఈ బజార్ల ఎప్పుడన్న తిమ్మమ్మ అనే పేరు వినబడితే ఏమీ అడగొద్దు, లేసి వచ్చెయ్యమన్నడు. మనం సరాఫులమే అని చెప్పుకోమన్నడు. ముప్పై ఒక్క ఏండ్లాయె. నేను అడగలే.” ఆయన కాగితాన్ని మడిచి, జేబులో పెట్టుకోబోయి, ఆమె చేతికే ఇచ్చాడు. “పద. నేను గూడ వస్త. ఆయన ముందర కూసొని వింట.”

చాయ్ తాగి వచ్చిన విజయకుమార్‌తో మధ్యాహ్నం దాకా ఉలి ముట్టొద్దని చెప్పి కారెక్కారు.

కిష్టప్ప మంచం మీద అలాగే ఉన్నాడు. రామచంద్రయ్యను చూసి కళ్ళు చిట్లించి గుర్తుపట్టాడు. “ఇంటి పెద్ద వచ్చిండు. మంచిగయ్యింది. కూసో.”

“మొత్తం చదువుండ్రి కాకా. మీది నించి కింది దాంక. ఏమున్నా సరే.”

కిష్టప్ప భూతద్దం తీసుకొని పేజీ మధ్యలో ఆగాడు. “మీ తాత వరుస ఇది. దీన్ల ఇంటి నంబరు గడిల అంకె లేదు, చూసినవామ్మా. ‘ఐజన్’ అని ఉన్నది.”

“అది ఎవరిదో పేరనుకున్న తాతా” అంది ధనశ్రీ.

“పేరు గాదు. ‘పైన రాసిందే ఇదీ’ అని. ఇల్లు అదే అయితే నంబరు మల్ల మల్ల రాయకుండ ఐజన్ అని పెడ్తరు. అంటే మీ తాతకు వేరే ఇల్లు లేదు. ఈ పై వరుసల ఉన్నోళ్ళ ఇంట్ల ఉన్నడు.” భూతద్దం ఒక వరుస పైకి జరిగింది. “ఇంటి నంబరు నలభై రెండు. ఇంటి పెద్ద...”

రామచంద్రయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“...తిమ్మమ్మ. వయసు ఇరవై ఆరు. బేవా. అంటే మొగడు పోయినామె.” కిష్టప్ప వేలు పేషా గడి మీదికి వచ్చింది. ఈసారి వేలితో గీసి చూపాల్సిన పని పడలేదు. “సర్రాఫ్. ఇది మాత్రం చుక్కలు పెట్టి సాఫ్‌గ రాసిండు.”

కోళ్ళు వాకిట్లోకి వచ్చి ఏరుకుంటున్నాయి. ధనశ్రీ పెద్దనాన్న ముఖం వైపు చూడలేక కాగితం వైపే చూస్తూ ఉంది. తమ ఇంట్లోవాళ్ళు పేరుకు ముందు నూరేళ్ళుగా తగిలించుకున్న మాట అక్కడే ఉంది. ఒక ఇరవై ఆరేళ్ళ ఆడమనిషి పక్కన.

“ఆమెకు తాత ఏమయితడని రాసిండు?” రామచంద్రయ్య అడిగాడు.

“ములాజిమ్ అని ఉన్నది. జీతానికి ఉన్నోడు. ఆమె దుకాణంల దుమ్ము కడిగేటోడు అయి ఉంటడు.” కిష్టప్ప కిందికి జరిగాడు. “ఇంకొక వరుస గూడ ఉన్నది ఆ ఇంటికి. ఐజన్. పేరు గిరిజమ్మ. వయసు ఏడాది. తిమ్మమ్మ బిడ్డ. పేషా గడిల గీత పెట్టిండు.”

“ఆ దుకాణం ఆమెది అయితే, ఆమెకు బిడ్డ ఉంటే...” ధనశ్రీ ఆగిపోయింది. ఆ లెక్కలో తర్వాతి మెట్టు ఏమిటో ముగ్గురికీ కనిపిస్తూనే ఉంది. దుకాణం అమరేశప్ప చేతికి ఎలా వచ్చింది? ఆ పిల్ల ఏమైంది?

కిష్టప్ప భూతద్దం మంచం మీద పెట్టాడు. “ఒక్క మాట చెప్పాలె రామచంద్రయ్యా. నిన్న ఈమె వచ్చినప్పుడు చెప్పలే. ఒక్క గడే అడిగింది, ఒక్క గడే చెప్పిన. ఇంటి పెద్ద వచ్చి అడిగితే దాచొద్దు. ఈ కాగితం నా దగ్గరికి రావడం ఇది మొదటిసారి గాదు.”

“ఇంకెవరు తెచ్చిండ్రు?”

“సింధనూరు పిల్ల. పేరు సహన. పోయిన నెల వచ్చింది. ఇదే పేజీ, ఇవే మూడు వరుసలు చదివించుకున్నది. ఈ గిరిజమ్మ ఆమెకు ముత్తవ్వనట. పోయేటప్పుడు ఒక్కటే అడిగింది. ఈ అమరేశప్ప ఇంటోళ్ళు ఎవరన్న ఇంక రాయచూర్ల ఉన్నరా అని.”

“మీరేం చెప్పిండ్రు?”

“నాకు తెల్వదన్న. నీ తాత పేరు అదని అప్పుడు నిజంగనే తెల్వది.” దిండు కింద చెయ్యి పెట్టి కిష్టప్ప చిన్న కాగితం ముక్క తీశాడు. దాని మీద గుండ్రని అక్షరాల్లో పేరు, కింద ఫోన్ నంబరు. “తెలిస్తే చెప్పమని ఇచ్చిపోయింది.”

ధనశ్రీ చెయ్యి చాచింది. అంతకు ముందే రామచంద్రయ్య ఆ ముక్క అందుకున్నాడు. అంకెలు ఒక్కొక్కటిగా, తప్పు పోకుండా, వేలితో నొక్కాడు. ధనశ్రీ వద్దని అనబోయింది. ముందు పృథ్వితో మాట్లాడాలి, పెద్దమ్మతో మాట్లాడాలి, శుక్రవారం గడవనివ్వాలి. ఆయన ముఖం చూసి ఆ మాటలు మానుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు అడగని మనిషి అడగడానికి కూర్చున్నాడు.

నాలుగుసార్లు మోగాక అవతల ఎవరో ఎత్తారు. వెనక బస్టాండు గోల. అందులోంచి ఆడపిల్ల గొంతు స్పష్టంగా వినిపించింది.

“హలో, ఎవరండీ మాట్లాడేది?”

నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు రామచంద్రయ్య దగ్గర ఒకటే జవాబు ఉండేది. ‘సరాఫ్ రామచంద్రయ్యను’ అనేవాడు. అలవాటుగా నోరు తెరిచి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు.

“ఎవరండీ?” అంది సహన మళ్ళీ.